కిటికీలో కూర్చున్న యువకుడు



అపోస్తలుల కార్యముల గ్రంథం 20వ అధ్యాయంలో, 7 నుండి 12 వరకు ఉన్న వచనాలలో, ఒక చిన్న సంఘటన ఉంది. మనం చాలాసార్లు దాన్ని చదివి, కొంచెం నవ్వుకుని, ముందుకు వెళ్లిపోతాం. ఈసారి కాస్త ఆగి చదువుదాం. మన ఇళ్లలోని కాలేజీ పిల్లల గురించి, చదువు ముగించి పనిలో చేరిన యువతీ యువకుల గురించి ఈ ఆరు వచనాలు మనకు ఎంతో నేర్పుతాయి.

వాక్యంలో ఏం జరిగింది?

అది ఆదివారం రాత్రి. త్రోయ పట్టణంలో విశ్వాసులు మేడమీద గదిలో రొట్టె విరవడానికి కూడి ఉన్నారు. అంటే అది వారి దివ్యబలిపూజ. మరునాడు పౌలు ప్రయాణం కావలసి ఉన్నందున అర్ధరాత్రి వరకు ప్రసంగిస్తూనే ఉన్నాడు. గదిలో చాలా దీపాలు వెలుగుతున్నాయి. ఐతుకు అనే యువకుడు కిటికీలో కూర్చున్నాడు. ప్రసంగం సాగేకొద్దీ అతనికి నిద్ర ముంచుకొచ్చింది. మూడో అంతస్తు నుండి కింద పడిపోయాడు. జనం పరుగున వెళ్లి ఎత్తి చూస్తే ప్రాణం లేదు.

అప్పుడు పౌలు ప్రసంగం ఆపాడు. మెట్లు దిగాడు. ఆ యువకుని మీద వంగి కౌగిలించుకున్నాడు. కంగారు పడవద్దు, ప్రాణం ఇంకా ఉంది అని అందరికీ చెప్పాడు. తర్వాత మళ్లీ పైకి వెళ్లి రొట్టె విరిచి, తెల్లవారే వరకు వారితో మాట్లాడాడు. ఆ అబ్బాయిని ప్రాణంతో ఇంటికి తీసుకువెళ్లారు. అందరి మనసులు ఎంతో ఊరట పొందాయి.

గమనించండి. ఆ యువకుడు గుడి మానేసినవాడు కాదు, గుడికి వచ్చినవాడే. కానీ కూర్చున్న చోటు కిటికీ. సగం లోపల, సగం బయట. లోపల దీపాలున్నాయి, ప్రార్థన ఉంది, పెద్దలున్నారు. అయినా అతను జారిపోతున్నాడని ఒక్కరూ చూడలేదు. పడ్డాకగానీ తెలియలేదు.

మన దగ్గర ఆ కిటికీ ఎక్కడుంది?

మోత్కూర్‌లోనూ చుట్టుపక్కల గ్రామాల్లోనూ పదో తరగతి దాకా పిల్లలు మన కళ్లముందే ఉంటారు. ఆదివారం ఉపదేశం క్లాసుకు వస్తారు, పూజలో పాటలు పాడతారు, క్రిస్మస్‌కు పశువుల పాక కడతారు. పది పాసైన తర్వాత ఇంటర్‌కు భువనగిరి, నల్లగొండ, హైదరాబాదు హాస్టళ్లకు వెళ్తారు. ఆ పైన డిగ్రీ, నర్సింగ్, పాలిటెక్నిక్, ఘట్‌కేసర్, ఇబ్రహీంపట్నం వైపు ఇంజనీరింగ్ కాలేజీలు. కొందరు చదువు ఆపి షాపుల్లో, కంపెనీల్లో, డ్రైవింగ్‌లో చేరతారు. పండుగకు ఉప్పల్‌లో బస్సెక్కి ఇంటికి వస్తారు. పూజ అయ్యాక గుడి ముందు పెద్దవాళ్లు ప్రేమగా పలకరిస్తారు: "వచ్చినవా బిడ్డా? మంచిగున్నవా? మళ్లెప్పుడు పోతవు?"

ప్రేమతో అడిగిన మాటే. కానీ మాట అక్కడితో ఆగిపోతుంది. అతనికి హాస్టల్లో తిండి ఎలా ఉంది, ఆదివారం పూజకు వెళ్లే వీలుందా, ఫీజు కట్టగలిగాడా, పరీక్ష తప్పాడా, తోటివారి మధ్య తన విశ్వాసం గురించి సిగ్గుపడుతున్నాడా అని అడిగేవారు ఉండరు. పదహారు నుండి పాతికేళ్ల మధ్య చాలామంది ఇలా కిటికీలోనే కూర్చుంటున్నారు. వారు విశ్వాసం వదిలేశారని మనం తొందరపడి అనవద్దు. వారు కూర్చున్న చోటు మనం చూడలేదు, అంతే.

మన నల్లగొండ మేత్రాసనం 1976 మే 31న ఏర్పడింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల పల్లెలు దీని కింద ఉన్నాయి. 2016లో జిల్లాలు మారి మోత్కూర్ యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వెళ్లినా మనం ఆ మేత్రాసనంలోని వాళ్లమే. 1976లో ఇరవై ఏళ్లు ఉన్నవారు ఇప్పుడు తాతయ్యలు, నానమ్మలు. ఆ రోజుల్లో యువత ఊళ్లోనే ఉండేది. ఫాదర్‌గారు, ఉపదేశిగారు ఊరికి వస్తే అందరూ దొరికేవారు. నేడు యువత ఊళ్లో లేదు. అందుచేత వారు ఊళ్లో ఉన్నప్పుడు చేసిన విధంగానే యువసేవ చేస్తామంటే కుదరదు.

ఆస్పత్రి పత్రికలో ఈ సంగతి ఎందుకు?

తలనొప్పి, కడుపునొప్పి, నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం అంటూ పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లల్ని తల్లిదండ్రులు ఆస్పత్రికి తీసుకొస్తారు. పరీక్షలు చేస్తే కొన్నిసార్లు ఏ జబ్బూ కనిపించదు. పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. సబ్జెక్టు పోయింది, ఇంట్లో చెప్పలేదు. లేదా అప్పు తెచ్చి ఫీజు కట్టిన బాపు ముఖం చూడలేకపోతున్నాడు. లేదా హాస్టల్లో ఒంటరిదైపోయింది. మందుబిళ్ల ఒక్కటే ఇస్తే ఇవి తగ్గవు.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చిన కొద్ది రోజుల్లోనే పలువురు విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఎన్నో ఇళ్లు చీకటయ్యాయి. ఒక్కొక్కరి బాధకు కారణాలు అనేకం ఉంటాయి, ఒకే కారణం చెప్పి తేల్చేయలేం. కానీ "ఎట్లున్నవు తమ్మీ?" అని అడిగి, జవాబు వినేదాకా ఆగే మనిషి ఒకరుంటే, బాధలో ఉన్న పిల్లవాడు నోరు విప్పడం తేలికవుతుంది. యువసేవ అంటే పాటల పోటీ, పిక్నిక్ మాత్రమే కాదు. అది ప్రాణాల్ని కాపాడే పని కూడా. అందుకే దీన్ని ఆరోగ్య పాఠంగానే రాస్తున్నాం.

పౌలు చేసిన మూడు పనులు

మొదటిది, కిందికి దిగాడు. పడ్డవాణ్ని పైకి రమ్మని పిలవలేదు. మనం కూడా యువత ఉన్న చోటికి వెళ్లాలి. హాస్టలుకు, కాలేజీ గేటు దగ్గరికి, పనిచేసే షాపు దగ్గరికి, కనీసం ఫోను ద్వారానైనా.

రెండోది, కౌగిలించుకున్నాడు. పూజలో నిద్రపోయావేమిటని గద్దించలేదు. "మా కాలంలో మేం ఇట్ల లేము" అనే మాటతో మొదలుపెడితే యువత ముందు తలుపు మూసినట్టే.

మూడోది, మళ్లీ పైకి వెళ్లి రొట్టె విరిచాడు. బలిపూజను వదిలిపెట్టలేదు. యువసేవ స్నేహంతో మొదలవుతుంది, స్నేహంతోనే ముగిసిపోదు. సత్ప్రసాదం దగ్గరికి, పాపసంకీర్తనం దగ్గరికి, దేవుని వాక్యం దగ్గరికి వారిని చేయి పట్టుకుని తేవాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి వదిలినా పని సగమే.

విద్యార్థులే ముందు నడిచిన చరిత్ర

యువత అంటే మనం సేవ చేయవలసినవారు అనుకుంటాం. తిరుసభ చరిత్ర చూస్తే సేవను మొదలుపెట్టినవారిలో విద్యార్థులు చాలామంది ఉన్నారు.

1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజనాం అనే విద్యార్థికి ఇరవై ఏళ్లు. చర్చా వేదికలో తోటి విద్యార్థులు సూటిగా అడిగారు: మీ తిరుసభ ఒకప్పుడు మంచి చేసింది సరే, నేడు పేదలకు ఏం చేస్తోంది? ఆ ప్రశ్నకు ఓజనాం వాదనతో సరిపెట్టలేదు. కొందరు స్నేహితులతో కలిసి పేదల ఇళ్లకు కట్టెలు, రొట్టె పట్టుకుని వెళ్లాడు. రోసలీ రెండు అనే సిస్టర్‌గారు ఆ విద్యార్థులకు దారి చూపారు. అలా పుట్టిందే పునీత విన్సెంట్ దె పాల్ సభ. నేడు ఎన్నో దేశాల్లో, మన దేశంలో అనేక విచారణల్లో అది పనిచేస్తోంది.

బెల్జియంలో జోసెఫ్ కార్డిన్ అనే అబ్బాయి గురువిద్యకు వెళ్లాడు. సెలవులకు ఇంటికి వచ్చేసరికి ఫ్యాక్టరీల్లో చేరిన చిన్ననాటి స్నేహితులు అతణ్ణి పరాయివాడిలా చూశారు. ఆ బాధ అతని మనసులో నిలిచిపోయింది. గురువైన తర్వాత పనిచేసే యువతీ యువకులను చిన్న చిన్న జట్లుగా కూర్చి, 1925లో యువ క్రైస్తవ కార్మికుల ఉద్యమాన్ని నిలబెట్టారు. చూడు, తూచు, చేయు అనే మూడు మెట్ల పద్ధతి ఆయన నేర్పినదే. 1961లో 23వ జాన్ పోపుగారు తమ విశ్వలేఖలో ఆ పద్ధతిని మెచ్చుకున్నారు. ఇదే పద్ధతితో విద్యార్థుల కోసం వైసీఎస్ ఉద్యమం కూడా పెరిగింది. మన దగ్గర చదివే పిల్లలకూ, పనికి వెళ్లే పిల్లలకూ మధ్య దూరం పెరుగుతోంది కదా, కార్డిన్ కథ మనకు అందుకే అవసరం.

మన దేశంలో 1924లో మద్రాసులో, యేసు సభ గురువు కార్టీగారి చొరవతో అఖిల భారత కతోలిక విశ్వవిద్యాలయ సమాఖ్య మొదలైంది. ఐకఫ్ అనే పొట్టి పేరుతో కాలేజీ విద్యార్థులకు ఇది పరిచయం. 1970లో పూనమల్లిలో జరిగిన జాతీయ సమావేశంలో ఆ విద్యార్థులు పేదల పక్షాన, న్యాయం పక్షాన నిలబడాలని నిర్ణయించుకున్నారు. ఇక విచారణ స్థాయిలో యువతను కలిపేందుకు భారత కతోలిక యువ ఉద్యమం, అంటే ఐసీవైఎం ఉంది. కాబట్టి మనం కొత్తగా సంఘం పేరు వెతుక్కోనక్కరలేదు. ఉన్నవాటిని మన విచారణలో ప్రాణంతో నిలబెట్టడమే మన పని.

2025 సెప్టెంబరు 7న పునీతులుగా ప్రకటించబడిన ఇద్దరు యువకులలో పియర్ జార్జియో ఫ్రస్సాతి ఒకరు. ఇటలీలోని ట్యురిన్‌లో మైనింగ్ ఇంజనీరింగ్ విద్యార్థి. కొండలెక్కేవాడు, స్నేహితులతో నవ్వుతూ తిరిగేవాడు. పేద రోగుల ఇళ్లకు మందులు తీసుకువెళ్లేవాడు. పోలియో సోకి 1925 జూలై 4న, 24 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. రోగుల సేవలోనే ఆ జబ్బు అంటుకుని ఉంటుందని వైద్యులు భావించారు. అంత్యక్రియలకు వీధుల నిండా వచ్చిన పేదలను చూశాకగానీ, తమ బిడ్డ ఏం చేస్తున్నాడో ఇంటివారికి పూర్తిగా తెలియలేదు.

వీరందరిలో ఒక సంగతి సమానం. యువత నిలబడింది ఎవరో తమను వినోదపరిచినందువల్ల కాదు, ఎవరిదో భారం తమ చేతికి వచ్చినందువల్ల. 2019 మార్చి 25న ఫ్రాన్సిస్ పోపుగారు యువత కోసం రాసిన 'క్రిస్తుస్ వివిత్' లేఖలో కూడా యువసేవలో యువతే కర్తలుగా ఉండాలని బోధించారు.

మన విచారణలో ఎలా ప్రారంభించాలి?

పెద్ద ఖర్చు అవసరం లేదు. ఈ ఆరు పనులు క్రమంగా చేయవచ్చు.

1. పేర్ల పుస్తకం. రెండు వందల పేజీల నోటు పుస్తకం ఒకటి చాలు. విచారణలో 16 నుండి 30 ఏళ్ల వయసున్న ప్రతి ఒక్కరి పేరు, ఊరు, చదువు లేక పని, ఉంటున్న చోటు, ఫోన్ నంబరు రాయాలి. ఉపదేశిగారు, సిస్టర్‌గారు, ఇద్దరు యువకులు కలిసి ఇంటింటికీ వెళ్లి రాస్తే మంచిది. గుడికి రానివారి పేరు ముందు రాయండి. పుస్తకం గురువుల దగ్గర భద్రంగా ఉండాలి, అందరి చేతుల్లో తిరగకూడదు.

2. తోడు. ప్రతి ఐదుగురు విద్యార్థులకు ఒక తోడు ఉండాలి. డిగ్రీ ముగించిన అన్న, టీచరమ్మ, నర్సక్క, లేక ఒక దంపతుల జంట. పదిహేను రోజులకోసారి ఫోను చేయడం వారి బాధ్యత. వాట్సాప్‌లో బైబిల్ వాక్యం పంపడం మంచిదే, కానీ అది పలకరింపుకు బదులు కాదు. గొంతు వింటేనే మనిషి ఎలా ఉన్నాడో తెలుస్తుంది.

3. నెలకో కూటం. హాస్టల్ పిల్లలు ఇంటికి వచ్చే రోజు చూసి పెట్టండి. రెండో శనివారం సాయంత్రం గానీ, ఆదివారం పూజ తర్వాత గానీ. గంటన్నరకు మించవద్దు. తిరుగు బస్సు టైము గుర్తుపెట్టుకోండి. రాలేకపోయినవారికి ఆ రాత్రే తోడు ఫోను చేసి "నువ్వు లేవని అందరం అనుకున్నం" అని చెప్పాలి.

4. చేతికి పని. యువతకు కుర్చీలు వేయడం, స్టార్లు కట్టడం మాత్రమే ఇస్తున్నాం. అంతకన్నా బరువైన పని ఇద్దాం. ఓపీ రోజున ఒంటరిగా వచ్చే ముసలివారికి తోడుండి, మందులు ఏ పూట ఏది వేసుకోవాలో చెప్పడం. ఇల్లు కదలలేని రోగులను వారానికోసారి చూడడం. ఆదాయం, కులం సర్టిఫికెట్లకు మీ-సేవకు వెళ్లడంలో, ఈపాస్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ దరఖాస్తు నింపడంలో సీనియర్లు జూనియర్లకు సాయపడడం. రక్తదాతల జాబితా తయారుచేయడం. 18 ఏళ్లు నిండి, కనీసం 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉండి, ఆరోగ్యంగా ఉన్నవారు రక్తం ఇవ్వవచ్చు. మగవారు మూడు నెలలకు, ఆడవారు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వవచ్చు. హిమోగ్లోబిన్ తక్కువని తెలిసి వెనుదిరిగిన అమ్మాయికి సిగ్గు అవసరం లేదు. రక్తహీనత ముందే బయటపడింది, వైద్యం చేయించుకోవచ్చు.

5. వెళ్లిన చోట గుడి. పిల్లవాడు నగరానికి బయల్దేరే ముందే హాస్టలుకు దగ్గరలోని విచారణ ఏదో కనుక్కోండి. మన గురువులు అక్కడి గురువులకు నాలుగు వాక్యాల ఉత్తరం రాసి ఇవ్వాలి, లేదా ఫోను చేయాలి. హైదరాబాదులో గన్‌ఫౌండ్రీ దగ్గర పునీత జోజప్పగారి కతెడ్రల్, సికింద్రాబాదులో మరియమాత బసిలికా ఎందరికో తెలిసినవే. అయినా పెద్ద గుడికన్నా నడిచి వెళ్లగల గుడి మేలు. మొదటి ఆదివారం తల్లిగానీ తండ్రిగానీ వెంట వెళ్లి, అక్కడి యువత నాయకునికి పరిచయం చేసి వస్తే ఆ బిడ్డకు కొత్త ఊళ్లో చోటు దొరికినట్టే.

6. నాయకత్వం. నాయకులను యువతే ఎన్నుకోవాలి. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి ఇద్దరూ ఉండాలి. రెండేళ్లకోసారి మారాలి. చదువుకునేవారితో పాటు పనిచేసేవారు కూడా నాయకులు కావాలి. వసూలైన ప్రతి రూపాయికి లెక్క పుస్తకం ఉండాలి, ఆ లెక్క కూటంలో చదవాలి.

ఒక కూటం ఎలా నడపాలి? నమూనా

'పరీక్ష తప్పిన తమ్ముడు' అనే విషయం తీసుకుందాం. గుండ్రంగా కూర్చోండి. చిన్న ప్రార్థన చేయండి.

చూడు: మన ఊళ్లో ఈ ఏడాది ఎవరెవరికి సబ్జెక్టులు పోయాయి? పేర్లు బయట చెప్పకుండా, వారి పరిస్థితి ఏమిటో మాట్లాడండి. ఇంట్లో ఏమన్నారు? స్నేహితులు ఏమన్నారు? కాలేజీ మానేశారా? ఇరవై నిమిషాలు. ఈ సమయంలో పెద్దలు ఉపదేశం చేయకూడదు, వినాలి.

తూచు: లూకా 24వ అధ్యాయంలో ఎమ్మావు దారి సంగతి చదవండి. ఆశలు కూలిపోయి ఊరు విడిచి పోతున్న ఇద్దరి వెంట యేసు నడిచాడు. ముందు అడిగాడు, తర్వాత విన్నాడు, ఆ తర్వాతే లేఖనాలు వివరించాడు, చివరికి రొట్టె విరిచాడు. ఆయన నడిచిన తీరుకూ మనం ఆ తమ్ముడితో మాట్లాడిన తీరుకూ ఎంత దూరం ఉంది? ముప్పై నిమిషాలు.

చేయు: ఈ నెలలో మనం చేయగల పని ఒక్కటే నిర్ణయించుకోండి. ఉదాహరణకు, ఇద్దరు వెళ్లి అతణ్ణి కలవాలి. సప్లిమెంటరీ ఫీజు చివరి తేదీ కనుక్కోవాలి. లెక్కలు బాగా వచ్చిన అక్క రోజూ సాయంత్రం గంటసేపు చెప్పాలి. ఎవరు, ఏ రోజు, ఏ పని అన్నది రాసుకోండి. వచ్చే కూటం ఈ పని ఏమైందన్న ప్రశ్నతోనే మొదలవ్వాలి. పని చేయలేకపోతే తప్పు పట్టవద్దు, ఎందుకు కుదరలేదో మాట్లాడండి. చివర కలిసి జపమాలలో ఒక పదిజపం చెప్పి, చాయ్ తాగి వెళ్లండి.

తప్పక పాటించవలసిన జాగ్రత్తలు

ఇంటర్ పిల్లల్లో చాలామంది 18 ఏళ్లు నిండనివారు. చట్టం దృష్టిలో వారు బాలలే. 2012 నాటి పోక్సో చట్టం వారి రక్షణ కోసమే ఉంది. కూటాలు అందరికీ కనబడే చోట జరగాలి. ఒకరే పెద్దమనిషి, ఒకరే పిల్లవాడు మూసిన గదిలో ఉండకూడదు. ఊరు దాటి తీసుకెళ్తే తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా ఉండాలి, అమ్మాయిల వెంట పెద్ద స్త్రీలు ఉండాలి. ఎవరైనా పిల్ల లేక పిల్లవాడు తనకు జరిగిన చెడు చెప్పుకుంటే నమ్మండి, గుడి పరువు పోతుందని దాచవద్దు. 1098 పిల్లల సహాయ నంబరు.

తోడుగా ఉన్నవారు డాక్టర్లు కారు. అవతలివారు చెప్పిన సంగతి ఊళ్లో చెప్పకూడదు. కానీ ప్రాణాపాయం ఉందనిపిస్తే రహస్యం అని ఊరుకోకూడదు. ఈ గుర్తులు చూడండి: మనుషులకు దూరం కావడం, నిద్ర, తిండి మారిపోవడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, నేను ఎవరికీ అక్కరలేదు, బతికి లాభం లేదు అనే మాటలు. అప్పుడు సూటిగా, మెల్లగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా తమ్మీ?" అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందేమోనని భయపడవద్దు. అడిగితే భారం దిగుతుంది. ఒంటరిగా వదలవద్దు. ఇంట్లో పురుగుమందు ఉంటే తాళం వేసి దూరంగా పెట్టండి. వెంటనే ఆస్పత్రికి తీసుకురండి. టెలీ మానస్ 14416 నంబరుకు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ప్రార్థన చేద్దాం, చికిత్సా చేయిద్దాం. రెండూ దేవుడిచ్చినవే. మనసు జబ్బు విశ్వాసం తక్కువైనందుకు వచ్చిన శిక్ష కాదు.

తల్లిదండ్రులకు ఒక మాట

అమ్మా, నాయనా, మీరు కూలికి పోయి, భూమి కౌలుకు పట్టి, బంగారం తాకట్టు పెట్టి పిల్లల్ని చదివిస్తున్నారు. ఆ కష్టం పిల్లలకు తెలుసు. తెలుసు గనుకనే ఓడిపోయినప్పుడు మీ ముందు నిలబడలేకపోతారు. ఫోను చేసినప్పుడు ముందుగా మార్కులు అడగకండి. తిన్నవా, నిద్ర పట్టిందా, పూజకు పోయినవా అని అడగండి. "సబ్జెక్టు పోతే పోయింది, నువ్వు ఇంటికి రా బిడ్డా" అనే మాట పరీక్షలకు ముందే చెప్పి ఉంచండి. ఫలితాల రోజున ఆ మాట వాడికి గుర్తొస్తుంది. ఫలితాలు వచ్చే రోజున పనికి సెలవు పెట్టి ఇంట్లో ఉండగలిగితే ఇంకా మేలు.

కుటుంబంలో, కూటంలో చర్చించడానికి

1. మన ఇంట్లో, మన వాడలో కిటికీలో కూర్చున్న యువకుడు లేక యువతి ఎవరు? చివరిసారి ఎప్పుడు మాట్లాడాం?
2. మన విచారణలో యువతకు అప్పజెప్పిన బరువైన పని ఒక్కటైనా ఉందా?
3. చదువుకునే పిల్లలు, పనిచేసే పిల్లలు మన గుడిలో ఒకే వరుసలో కూర్చుంటున్నారా?
4. ఈ వారం మనం ఎవరికి ఫోను చేద్దాం?

ప్రపంచ యువజన దినాన్ని ఒక్కొక్క మేత్రాసనంలో ఇదివరకు మ్రానికొమ్మల ఆదివారం జరిపేవారు. 2020లో ఫ్రాన్సిస్ పోపుగారు దాన్ని క్రీస్తురాజు మహోత్సవానికి మార్చారు. వచ్చే క్రీస్తురాజు పండుగ నాటికి పేర్ల పుస్తకం పూర్తిచేసి, దాన్ని పూజలో కానుకగా పీఠం దగ్గర పెట్టగలిగితే ఎంత బాగుంటుంది! అందులో ఒక్క పేరైనా తప్పిపోకుండా చూసుకుందాం.

ఐతుకు పడిన రాత్రి పౌలు ప్రసంగంలోని మాటలు ఒక్కటీ లేఖనంలో రాయబడలేదు. ఆయన మెట్లు దిగిన సంగతి మాత్రం రాయబడింది.

ప్రార్థన

మంచి కాపరివైన యేసుప్రభువా, మా ఊరు విడిచి చదువులకు, పనులకు వెళ్లిన మా బిడ్డలను నీ చేతుల్లో పెడుతున్నాం. ఒంటరిగా ఉన్నవారికి తోడుండు. ఓడిపోయామని కుమిలేవారిని నీ రొమ్ముకు హత్తుకో. జారిపోతున్నవారిని చూసే కళ్లు, దిగి వెళ్లే కాళ్లు, వినే చెవులు మాకు దయచేయి. మా యువతీ యువకుల చేతులు రోగులకు, పేదలకు నీ చేతులుగా మారును గాక. మరియమాతా, పునీత జోజప్పగారూ, యెరూషలేములో తప్పిపోయిన మీ బిడ్డను మూడు రోజులు వెతికిన మీరు, మా బిడ్డల కోసం ప్రార్థించండి. ఆమెన్.